ఏ లెక్క చూస్తున్నారు?

2024 సెప్టెంబరు మొదటి రోజులు గుర్తున్నాయా? ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులతో పోటెత్తింది. బెజవాడలో ఎవరి ఫోన్ చూసినా అదే అంకె. కానీ అజిత్‌సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. బ్యారేజీ లెక్క తప్పేమీ కాదు. ఆ ఇళ్లకు కావాల్సిన లెక్క అది కాదు, అంతే.

బ్యారేజీ ఒక్కటే అయినా దానికి లెక్కలు మూడు. నీటిమట్టం అడుగుల్లో, నిల్వ టీఎంసీల్లో, ప్రవాహం క్యూసెక్కుల్లో. నిల్వ సామర్థ్యం 3.07 టీఎంసీలు. ఆనాటి వరద జోరుకు అంత నీరు ముప్పావు గంటలో గేట్లు దాటిపోతుంది! గ్రాఫులో నిల్వ గీత మాత్రమే చూసేవారికి నిండిందని తెలుస్తుంది, ముంచుకొస్తోందని తెలియదు. నది ఒడ్డున కృష్ణలంకలో ఉండేవారికి కావాల్సింది క్యూసెక్కులు. శివారు రైతుకు ఈ మూడూ అక్కర్లేదు. బందరు కాలువకు ఎంత వదిలారు, తన చేను దాకా ఎంత వచ్చింది, అదొక్కటే అతని ప్రశ్న. అందుకే ఈ లెక్కలను గ్రాఫులుగా చూపే డ్యాష్‌బోర్డు తయారుచేసే మిత్రులకు చెబుతున్నాను: గ్రాఫులో ఏ లెక్క కనిపించాలో చూసేవారినే ఎంచుకోనివ్వండి. మీకు నచ్చిన అంకెను అందరి నెత్తినా రుద్దకండి.

మరి మీ జీవితపు గ్రాఫులో ఏ లెక్క పెట్టుకున్నారు? ఎవరు పెట్టారు?

బీసెంట్ రోడ్డులో దుకాణం నడిపేవారు రోజూ గల్లాపెట్టె చూసుకుని మురిసిపోవచ్చు. అరువు బాకీల గీతను కూడా దాని పక్కనే పెట్టి చూస్తే ఆ మురిపెం నిలుస్తుందా? ఇంటర్ చదివే పిల్లవాడికి ఇంట్లో అందరూ చూపించేది ర్యాంకు. వాడికి నిజంగా అక్కరకొచ్చేది అర్థంకాక వదిలేసిన పాఠాల లెక్క. ర్యాంకు పడిపోయాక ఏడవడమే మిగులుతుంది. వదిలేసిన పాఠమైతే రేపు పొద్దున్నే కూర్చుని చదువుకోవచ్చు.

ఎంచుకునే స్వేచ్ఛలో ఒక ప్రమాదమూ ఉంది. నాకు అన్నిటికంటే భయం దీని గురించే. బరువు తగ్గనప్పుడు నడిచిన అడుగులు చూసుకుంటాం, అడుగులు తగ్గినప్పుడు మానేసిన స్వీట్లు లెక్కపెట్టుకుంటాం. రోజుకో లెక్క మారిస్తే మనకు మనమే అబద్ధం చెప్పుకున్నట్టు. దీనికి మందు కూడా బ్యారేజీ దగ్గరే ఉంది. అక్కడ 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. వరద వచ్చాక కూర్చుని ఆలోచించి పెట్టిన హద్దులు కావవి, ముందే గీసి ఉంచినవి. మీరూ అలాగే చేయండి. ఒక లెక్క ఎంచుకోండి. అది ఎక్కడికి చేరితే ఏం చేస్తారో ఇప్పుడే కాగితం మీద రాయండి. మూడు నెలలు దాన్ని మార్చకండి.

ఇంకో పని ఉంది, ఈ రాత్రికే. భోజనాల దగ్గర మీ అమ్మాయినో అబ్బాయినో అడగండి: "నీ గ్రాఫులో ఏ లెక్క చూడమంటావమ్మా?" జవాబు వచ్చేదాకా ర్యాంకు ఊసెత్తకండి.