ఎక్కిన గేరులోనే దిగుము

బేకర్స్‌ఫీల్డ్

చిరంజీవి రఘురామునకు మీ పెదనాన్న అనేక ఆశీర్వచనములు చేసి వ్రాయునది.

నీవు డెన్వరు నుండి వ్రాసిన ఉత్తరము చేరినది. 1997వ సంవత్సరపు డాడ్జి ర్యామ్ 2500 ట్రక్కు నొకదానిని ఒక వృద్ధ పశుపోషకుని యొద్ద కొంటినని, దాని వెనుక ట్రైలరు తగిలించి వచ్చు నెలలో కోడలిని పసిదానిని వెంటబెట్టుకొని కొండలు దాటి యూటాకు పోవుచున్నానని వ్రాసితివి. సంతోషము. కాని ఆ ఉత్తరములో సగమునకు పైగా ఇంజనును గూర్చిన స్తోత్రమే. గేరుబాక్సును గూర్చి నీవు వ్రాసినది ఒక్క వాక్యము. 'ఆటోమేటిక్ గనుక నాకేమీ శ్రమ లేదు పెదనాన్నా' అంటివి. ఆ వాక్యము చదివినది మొదలు నా మనసు మనసులో లేదు. 'వాడింకా చిన్నపిల్లవాడా, ఊరక కలవరపడకండి' అని మందలించిన మీ పెద్దమ్మయే, నేను రాత్రి రెండుసార్లు లేచి కూర్చుండుట చూచి, తెల్లవారగనే కాగితములు తెచ్చి నా ముందుంచినది.

ఇంజనును గూర్చి నాకు దిగులు లేదు. 5.9 లీటర్ల ఆఱు సిలిండర్ల కమ్మిన్స్, పండ్రెండు వాల్వులు, ప్రక్కను బాష్ వారి ఇంజెక్షను పంపు; కంప్యూటరు అనుమతికై ఎదురుచూడక తన పని తాను చేసికొనిపోవు ఆ యంత్రమును ఈ కెర్న్ కౌంటీ పత్తిచేల షెడ్లలో విప్పి బిగించి నేనెరుగుదును. ముందువైపు టైమింగు గేర్ల కేసులో చిన్న ఉక్కుపిన్ను ఒకటి కలదు. అది కాలక్రమమున జారి గేర్ల నడుమ పడినచో కేసు పగులును. జారకుండ అడ్డుపట్టీ వేయించినారేమో ఆ వృద్ధుని అడుగుము, లేనిచో వేయించుము. ఇంజను మాట ఇంతటితో సరి.

ఇప్పుడు నేను చెప్పబోవునది స్థిమితముగా వినుము. ఆ కాలమున అదే ఇంజనును మాన్యువల్ గేరుబాక్సుతో అమ్మినప్పుడు 215 గుఱ్ఱపు శక్తియు 440 పౌండ్-అడుగుల టార్కును ఇచ్చిరి. ఆటోమేటిక్‌తో అమ్మినప్పుడు 180కిని 420కిని తగ్గించి ఇచ్చిరి. ఇంజను ఒక్కటే, ట్రక్కు ఒక్కటే, భేదమెల్ల ఆ గేరుబాక్సు యొక్క ఓర్పులోనే కలదు. ఇంజను పెట్టదలచినంత భారమును ఆ పెట్టె చిరకాలము సహింపజాలదని చేసినవారే జాగ్రత్తపడగా, ఎవరో మిత్రుడు పంపును కొంచెము సవరించి శక్తి పెంచెదననుచున్నాడని నీవు ముచ్చటగా వ్రాయుచున్నావు! నాయనా, ఆ మాట వినకుము. అతడు మంచివాడే కావచ్చును; కాని కనుమదారి నడుమ పసిదానితో నిలిచిపోవలసినవాడు అతడు గాడు.

మాన్యువల్‌లో క్లచ్చు ఇంజనును గేర్లతో గట్టిగా ముడివేయును. ఆటోమేటిక్‌లో ఆ ముడి లేదు. టార్కు కన్వర్టరు అను డొల్లలో ఆయిలు నిండియుండును. ఇంజను ఒకవైపు రెక్కలను త్రిప్పగా అవి ఆయిలును విసరును, ఆ తాకిడికి ఎదుటి రెక్కలు తిరుగును. భారము తక్కువైనప్పుడు ఈ రెండును దాదాపు సమానముగ తిరుగును. వెనుక ట్రైలరుండి, ఎదుట ఎత్తుండి, వేగము సన్నగిల్లినప్పుడు మొదటిది తిరిగినంతగా రెండవది తిరుగజాలదు. అప్పుడు ఇంజను చేయు పనిలో కొంత భాగము బండిని లాగుటకు గాక, చల్ల చిలికినట్లు ఆ ఆయిలును చిలుకుటకే వ్యయమగును. ఆ చిలుకుడులో వెన్న రాదు, వేడి వచ్చును. మూడవ నాల్గవ గేర్లలో తగిన వేగమందుకొన్న పిమ్మట లోపల నొక చిన్న క్లచ్చు పట్టుకొని రెండు వైపులను ఏకము చేయును. దానినే లాకప్ అందురు. అది పట్టియున్నంతసేపు ఆయిలు తెరపిన పడును. వదలిన క్షణమునుండి మరల కాగును.

అందుచేత ఓవర్‌డ్రైవును గూర్చి నీకు గట్టిగా చెప్పుచున్నాను. నాల్గవ గేరు నిష్పత్తి 0.69, అది ఖాళీ బండికి, చదును దారికి ఏర్పడినది. ట్రైలరుతో ఎత్తు ఎక్కునప్పుడు అది మూడునకును నాలుగునకును మాటిమాటికి మారును, మారినప్పుడెల్ల లాకప్ వదలును, వదలినప్పుడెల్ల ఆయిలు కాగును. డెన్వరు వదలి ఎత్తు ఆరంభమగు చోటనే, బండి అలసిన పిదప గాక అలయకముందే, డాష్‌బోర్డు మీది బొత్తాము నొక్కి ఓవర్‌డ్రైవును ఆపివేయుము. ఇంజను మ్రోత కొంత హెచ్చును, హెచ్చనిమ్ము. గంటకు 55, 60 మైళ్ళతో తృప్తిపడుము. ఆలస్యమైనచో ఆలస్యము కానిమ్ము. యూటాలోని ఎఱ్ఱరాళ్ళు నీవు వచ్చువఱకు అక్కడనే యుండును.

ఇక ఆయిలు. దీని విషయమై నేను అతిగా చెప్పుచున్నానని నీకు తోచవచ్చును, తోచినను చదువుము. వెచ్చబడునంత దూరము నడిపి, ట్రక్కును చదునైన నేలమీద నిలిపి, పార్కింగు బ్రేకు గట్టిగా త్రొక్కి, ఇంజను నడుచుచుండగనే మీటను న్యూట్రలులో ఉంచుము. పార్కులో కాదు, న్యూట్రలులో. ఈ గేరుబాక్సు పార్కునందున్నప్పుడు పంపు కన్వర్టరునకు ఆయిలు పంపదు గనుక అక్కడ చూచిన మట్టము నమ్మదగినది గాదు. డిప్‌స్టిక్కు లాగి, తెల్లని గుడ్డతో తుడిచి, మరల పూర్తిగా దింపి, తీసి, దాని కొనను ఆ గుడ్డకే అద్ది ఎండలో పట్టి చూడుము. నిర్మలమైన ఎఱుపైనచో సంతోషము. గోధుమవన్నెకు తిరిగినచో అది ముసలిదైనది. ముక్కునకు దగ్గరగా తెచ్చి వాసన చూడుము. మాడువాసన తగిలినను, వ్రేళ్ళ నడుమ రుద్దగా సన్నని గరుకు తగిలినను, లోపల క్లచ్చుల పైపొర రాలుచున్నదని గ్రహించి ప్రయాణము మానుకొనుము. ఏ సంశయమును లేకున్నను, బయలుదేరుటకు ముందు అడుగు పాత్ర విప్పించి, ఫిల్టరు మార్పించి, బ్యాండ్ల బిగువు చూపించి, ఏటీఎఫ్ ప్లస్ 4 అను ఆయిలునే పోయించుము. చేతికందిన మరియొకటి పోయనీయకుము. దగ్గర నుండి నీ కన్నులతో డబ్బా మీద పేరు చదువుము.

వేడిని తెలుపు ముల్లు ఆ ట్రక్కులో ఇంజనుకు కలదు గాని గేరుబాక్సుకు లేదు. ఇదే నన్ను రాత్రులు లేపుచున్నది. పాత్రలోని ఆయిలు 175 ఫారన్‌హీటు డిగ్రీల చెంత నుండుట ఆరోగ్యము. 200కు పోయి దిగివచ్చినను భయము లేదు. 220 దాటి నిలిచినచో ప్రక్కకు తీసి, న్యూట్రలులో ఉంచి, ఇంజనును కొంచెము వడిగా నడువనిచ్చి చల్లార్చవలెను. 175 దాటిన పిదప ప్రతి 20 డిగ్రీలకును ఆయిలు ఆయుష్షు సగమగునని రిపేరుషెడ్లలోని పాతకాపుల లెక్క. ఆ లెక్క అక్షరాల నిజమగునో కాదో గాని, దానిని నమ్మి నడిపినవారి గేరుబాక్సులు చెడుట నేను చూడలేదు.

నీ చిన్నతనమున నిన్ను లాస్ ఏంజిలీసుకు తీసికొనిపోయిన గ్రేప్‌వైన్ దారి జ్ఞప్తియున్నదా? లోయనుండి 4,144 అడుగుల టెహోన్ కనుమకు 6 శాతపు వాలున ఎక్కు దారి. ఇంజన్లు కాగిపోకుండ ఏసీ ఆపుకొనుడని రహదారివారు బోర్డు పెట్టిన దారి. ఇదే తరమునకు చెందిన ట్రక్కుతో మా పొరుగువాడొకడు గుఱ్ఱముల ట్రైలరు లాగుచు ఒక జూలై మధ్యాహ్నమున ఓవర్‌డ్రైవు ఆపకయే ఎక్కినాడు. ఇంజను వేడిముల్లు చలింపలేదు. అంతయు సవ్యమే యనుకొన్నాడు. సగము ఎక్కినపిమ్మట ఇంజను రొద హెచ్చినది, చక్రములు మాత్రము నెమ్మదించినవి. ప్రక్కకు తీసి నిలుపుసరికి కాగిన ఆయిలు పొంగి సైలెన్సరు గొట్టము మీద పడి పొగలు లేచినవట. కబురందుకొని నేను పోవుసరికి ఆ రెండు గుఱ్ఱములును ఇనుప ట్రైలరులో చెమటలు కారుచు, ఒకటి మరియొకదాని మెడపై తల వాల్చి నిలిచియున్నవి. బకెట్టుతో వాటికి నీళ్ళు పెట్టుచు నేను ఆ ట్రక్కు క్రిందికి వంగి చూచితిని. పాత్ర నుండి కారుచున్నది నల్లగ నుండెను. ఇంజను మాత్రము తాళపుచెవి త్రిప్పగనే మరల లేచినది! నీవు నమ్ముకొన్న ఇంజను ఎన్నడును నిన్ను మోసగింపదు, రఘూ; తన వెనుకనున్నది చచ్చుచున్నను అది తాను నడుచుచునే యుండును. నా భయమెల్ల అదియే.

ఎక్కుటను గూర్చి ఇంత చెప్పితిని. దిగుట అంతకన్న కఠినము. మా మేనమామ లారీ సంగతి చెప్పెదను. తిరుపతి నుండి కొండమీదికి బియ్యము, బెల్లము మోసెడి ఆ లారీలో వేసవి సెలవులలో నేను కూర్చుండెడివాడను. 1944లో తెరచిన ఘాటురోడ్డొక్కటే ఆనాడు ఎక్కుటకును దిగుటకును. రెండవది 1974లో గాని రాలేదు. బస్తాలు దింపి ఖాళీ లారీతో తిరిగివచ్చునప్పుడు సయితము ఆయన మలుపునకు ముందే గేరు తగ్గించి, 'ఎక్కిన గేరులోనే దిగాలిరా, బ్రేకు ఆపదకి దాచుకోవాలి' అనెడివాడు. దారిలోని అక్కగార్ల గుడి యొద్ద లారీ నిలిపి, దండము పెట్టి, చక్రము చెంతకు వచ్చి, అరచేయి వెనుకవైపు త్రిప్పి, డ్రమ్మును తాకక తాకినట్లు పట్టి వేడి పరీక్షించెడివాడు. ఆ చేతిమీద కాలిన మచ్చ ఒక్కటియు లేదు.

డీజిలు ఇంజనులో పెట్రోలు ఇంజనులోవలె గాలిదారికి మూతపడు తలుపు లేదు గనుక కాలు తీసినంత మాత్రమున అది బండిని వెనుకకు పట్టదు. ఆటోమేటిక్‌లో కాలు తీయగనే లాకప్ కూడ వదలును; ఇక ఇంజనుకును చక్రములకును నడుమ ఉన్నది మరల ఆయిలే. ఎగ్జాస్టు బ్రేకు బిగించుకొనిన మంచిదే, కాని దిగునప్పుడు లాకప్ పట్టి నిలుపు ఏర్పాటు తోడుగ లేనిచో దానివలన కలుగు మేలు స్వల్పము. 11,158 అడుగుల ఎత్తున నున్న ఐసెన్‌హోవర్ సొరంగము దాటి పడమటి ద్వారమున వెలికివచ్చినంతనే సిల్వర్‌థార్న్ వఱకు 7 శాతము పల్లము. బ్రేకులు పోయిన లారీలు ఎక్కి ఆగుటకై గులకరాళ్ళు పోసిన దారులు ప్రక్కన కట్టినారనిన ఆ పల్లమెట్టిదో ఊహించుకొనుము. సొరంగములోనే నెమ్మదించి, 40 మైళ్ళకు లోబడిన పిమ్మట మీటను రెండవ గేరునకు దింపి, కుడివరుసలో బరువు లారీల వెనుక చేరుము. బ్రేకు నొకసారి గట్టిగా త్రొక్కి వేగము తగ్గించి పూర్తిగా వదలుము. మోపిన కాలు మోపియే దిగకుము. ట్రైలరు బ్రేకులు తమ భారమును తాము ఆపుచున్నవో లేవో డెన్వరులోనే ఖాళీ మైదానమున పరీక్షింపుము. వేయిల్ కనుమ దాటిన పిదప ఇట్టి పల్లమే మరియొకటి కలదు. మొదటిది దిగితిమి గదా యని ఏమరకుము.

మిగిలినవి త్వరగా చెప్పెదను. సామానంతయు సర్దిన పిదప ట్రక్కుస్టాపులోని లారీల కాటా మీద తూచుము. ట్రైలరు బరువులో 10 నుండి 15 శాతము కొక్కెముపై పడవలెను. 6,500 పౌండ్లైనచో 650కి తగ్గరాదు. తగ్గినచో తోక ఊపును. నీరు గాలనుకు 8 పౌండ్లకు పైచిలుకు గనుక తొట్టి నింపుకొని కొండలెక్కవలదు; త్రాగుటకు కావలసినది మాత్రము ఉంచుకొనుము. టైర్ల ప్రక్కనున్న చివరి నాలుగంకెలు ఏ వారమున ఏ యేట చేసిరో తెలుపును. పైన చూపునకు క్రొత్తగ నున్నను ఆ యేడు పాతదైనచో మార్చుము. బస చేయు చోట ట్రైలరును ఎత్తునకు వెనుకకు నెట్టవలసి వచ్చినచో తొందరపడకుము, ఆయిలును మిక్కిలి వేగముగ కాచునది అదియే. నేల మట్టిదైనచో ఫోర్‌వీలు లో-రేంజిలో ఉంచి నెట్టుము. కోడలిని వెనుక నిలిపి దారి చూపమనుము. ఆమె నీ కన్న స్థిరచిత్తురాలు, ఆమె ఆపుమనిన ఆపుము.

పసిదానికి ఎత్తైన చోట్ల చెవులు నొప్పి పుట్టును. సొరంగము చేరకముందే పాలసీసా చేతికిమ్మని పెద్దమ్మ చెప్పుచున్నది. కారప్పూస డబ్బా వేరుగ పంపుచున్నది.

ఈ ఉత్తరముతో ఒక చెక్కు ఉంచితిని. అది దారిఖర్చునకు గాదు. గేరుబాక్సు ఆయిలుకు వేడిముల్లు బిగింపించుటకును, ముందువైపు అదనపు కూలరు ఒకటి వేయించుటకును. ముల్లును స్టీరింగు ప్రక్క నీ చూపునకు అందునట్లు పెట్టించుము. కాటా చీటీయు, డిప్‌స్టిక్కు అద్దిన గుడ్డయు రెండును కవరులో పెట్టి నాకు పంపుము. గుడ్డ రంగు చూచిన పిదపనే నీ ప్రయాణమునకు మంచిరోజు వ్రాసెదను.

ఇట్లు,
సర్వదా నీ క్షేమము కోరు
పెదనాన్న