కోతులు పేలు చూసుకునేది ఎందుకు?

ప్రశ్న: గుడి మెట్ల మీద కోతులు గంటల తరబడి ఒకదాని ఒళ్లు ఒకటి వెతుకుతుంటాయి. పేల కోసమేనా?

జవాబు: పేల కోసమే, కానీ అంతటితో ఆగదు. వెంట్రుకలు పాయలు తీసి, ఈపిని గోళ్లతో ఊడలాగి నోట్లో వేసుకుంటాయి. తన చేయి అందని వీపు, మెడ వెనక భాగాలకు ఈ సాయం తప్పనిసరి. ఆ స్పర్శకు మెదడులో ఎండార్ఫిన్లు పెరుగుతాయి, గుండె వేగం తగ్గుతుంది. అందుకే చేయించుకునే కోతి కళ్లు మూసుకుని ఒళ్లు వదిలేస్తుంది.

ఇలా ఒళ్లు శుభ్రం చేసుకోవడం గురించి నన్ను అన్నిటికన్నా కదిలించే సంగతి కెన్యాలోని అంబోసెలిది. అక్కడి వెర్వెట్ కోతులకు పరిశోధకులు రాబర్ట్ సేఫార్త్, డొరొతీ చెనీ రికార్డు చేసిన అరుపులు వినిపించి, 1984లో ఫలితాలు ప్రచురించారు. చుట్టం కాని కోతి సాయానికి పిలిస్తే, పిలిచిన కోతి ఈమధ్యే తన ఒళ్లు శుభ్రం చేసి ఉన్నప్పుడే వినే కోతి ఎక్కువగా అటు దృష్టి పెట్టింది. దగ్గరి చుట్టాల విషయంలో ఆ తేడా కనిపించలేదు.