దీవి దాటాలా, దీవిలోనే చదవాలా?

ప్రశ్నలు – జవాబులు

మేడం గారూ, ఇక్కడి జె.ఎన్.ఆర్.ఎం. కాలేజీలో బి.ఏ. హిస్టరీ పూర్తి చేశాను. ఎం.ఏ. ఆంత్రొపాలజీ కోసం సీయూఈటీ పీజీ ఎంట్రన్స్ రాశాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, పాండిచ్చేరి యూనివర్సిటీ రెండు జాబితాల్లోనూ నా పేరు వచ్చింది. రెండూ కేంద్రానివే. ఫీజు ఎక్కడైనా కట్టగలం. నాన్న పాండిచ్చేరి అంటున్నారు. నా డిగ్రీ కూడా ఆ యూనివర్సిటీదే కదా, చెన్నైలో ఓడ దిగితే దగ్గర కదా అని. అమ్మ హైదరాబాద్ అంటోంది, అక్కడ మనవాళ్లుంటారని. సీనియర్లు ర్యాంకులు చూసుకోమంటున్నారు. నాకు తెలుగు మాట్లాడటం బాగా వచ్చు, చదవడం అంతంతమాత్రం. ఐదు రోజుల్లో ఫీజు కట్టాలి. ఏం చెయ్యమంటారు?
– పేరు వద్దు, జంగ్లీఘాట్, పోర్ట్‌బ్లెయిర్

అమ్మా, ముందు ఆ ర్యాంకుల సంగతి చూద్దాం. 2016 నుంచి కేంద్రం ఇస్తున్న ఎన్.ఐ.ఆర్.ఎఫ్. పట్టికలో హైదరాబాద్ ఏటా పాండిచ్చేరి కంటే పైనే ఉంటోంది. 2019లో దాన్ని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎమినెన్స్‌గా కూడా ఎంపిక చేశారు. అది చిన్న విషయమేమీ కాదు. కానీ ఆ లెక్క యూనివర్సిటీ మొత్తానిది. ఫిజిక్సు వాళ్ల పరిశోధన పత్రాలూ, కెమిస్ట్రీ వాళ్ల ప్రాజెక్టులూ అన్నీ కలిపి వేసిన మార్కులవి. నువ్వు రెండేళ్లు కూర్చోబోయేది ఒక్క డిపార్ట్‌మెంటులో, మహా అయితే పదిమంది ఉండే మాస్టార్ల ఎదుట. ఆ గది గురించి పట్టిక ఏమీ చెప్పదు.

ఇది నేను అనుభవించి తెలుసుకున్నాను. పీజీకి యూనివర్సిటీ పేరు చూసి చేరాను. ఏ మాస్టారి పుస్తకం చదివి ఆయన దగ్గరే చదవాలని అంత దూరం వెళ్లానో, మేం చేరిన రెండో నెలలోనే ఆయన రిటైరయ్యారు. ఆయన చెప్పాల్సిన పేపరుకు ఏడాదిలో ముగ్గురు గెస్టు లెక్చరర్లు మారారు. ముగ్గురూ మొదటి చాప్టరు దగ్గరే మొదలుపెట్టారు. వాళ్ల తప్పేమీ లేదు, పోస్టు ఖాళీ. ఆ డిపార్ట్‌మెంటుకు ముందే ఒక ఉత్తరం ముక్క రాసి ఉంటే నాకు తెలిసిపోయేది. నువ్వు ఆ పొరపాటు చెయ్యకు.

ఈ రాత్రే రెండు తెల్లకాగితాలు ముందు పెట్టుకో. ఒకదాని మీద హైదరాబాద్, ఇంకోదాని మీద పాండిచ్చేరి అని రాసుకో. రెండు యూనివర్సిటీల వెబ్‌సైట్లలోనూ ఆంత్రొపాలజీ డిపార్ట్‌మెంట్ పేజీ తెరిచి, మాస్టార్ల పేర్లు, వాళ్లు పని చేస్తున్న విషయాలు ఎక్కించు. సెంట్రల్ యూనివర్సిటీల్లో రిటైర్‌మెంటు 65 ఏళ్లకు. ఎవరు ఎప్పుడు చదువుకున్నారో చూస్తే, రెండేళ్లలో ఎవరు వెళ్లిపోతారో ఇంచుమించు తెలిసిపోతుంది. తర్వాత శోధ్‌గంగ తెరువు. దేశంలోని యూనివర్సిటీలు తమ పీహెచ్‌డీ థీసిస్‌లను పెట్టే చోటు అది, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. అక్కడ ఈ మాస్టార్ల పేర్లు కొట్టి, వాళ్ల దగ్గర చేసిన పిల్లలు ఏ ఊళ్లకు వెళ్లారో, ఎవరి గురించి రాశారో చూడు. సముద్రం, మత్స్యకారులు, వలసలు, గిరిజనులు అన్న మాటలు ఏ కాగితం మీద ఎక్కువగా పడ్డాయో లెక్కపెట్టు. ఇక మిగిలింది ఒక్క ప్రశ్న: పోయిన ఏడాది ఎం.ఏ. వాళ్లు ఫీల్డ్‌వర్క్‌కు ఎక్కడికి వెళ్లారు, ఎన్నాళ్లున్నారు, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? ఈ చదువుకు ఫీల్డ్‌వర్కే ప్రాణం. రెండు డిపార్ట్‌మెంట్లకూ రేపు పొద్దున్నే ఈ ప్రశ్న మెయిల్ చెయ్యి. జవాబు ఎంత త్వరగా, ఎంత వివరంగా వచ్చిందో అది కూడా కాగితం మీద రాసుకో.

నువ్వు ఉత్తరంలో రాయలేదు గానీ అండమాన్ పిల్ల ఆంత్రొపాలజీ అనగానే జరవాలు, ఓంగీలు, సెంటినెలీలు లాంటి దీవుల ఆదిమ తెగలవాళ్లు కళ్లముందుకు వస్తారు. 1991 జనవరిలో సెంటినెలీ మనుషుల చేతికి కొబ్బరికాయలు అందించిన జట్టులో ఒక స్త్రీ ఉంది, మధుమాలా ఛటోపాధ్యాయ. ఆంత్రొపలాజికల్ సర్వే తరఫున వెళ్లింది. ఆమె గురించి చదివే నీకీ కోరిక పుట్టి ఉంటే నాకు సంతోషమే. కానీ ఆదిమ తెగల రక్షణకు తెచ్చిన 1956 రెగ్యులేషన్ ప్రకారం ఆ తెగలవాళ్లు ఉండే ప్రాంతాలు రిజర్వులు. అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, పెట్టాలని కోరుకోకూడదు కూడా. బయటివాళ్ల జలుబు కూడా వాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది. ఎం.ఏ. విద్యార్థిగా నీకా తలుపు తెరుచుకుంటుందన్న లెక్కతో ఏ యూనివర్సిటీనీ ఎంచుకోవద్దు.

నీ దగ్గర ఇంకో విషయం ఉంది, అది నీ ఇల్లే. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 50 వేల పైచిలుకు, జనాభాలో 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తెప్ప విడిచి ఓడెక్కినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు. ఎలా వచ్చారు, ముందు ఎవరు వచ్చి ఎవర్ని పిలిచారు, ఊళ్లో అమ్మవారి పండక్కి ఎవరు ఎప్పుడు వెళ్తారు, పెళ్లి సంబంధాలు ఇప్పటికీ ఏ పల్లెల నుంచి తెచ్చుకుంటారు – ఇదంతా ఆంత్రొపాలజీయే. జంగ్లీఘాట్ చేపల రేవులో మీ నాయనమ్మ వయసువాళ్లకు తెలిసినవి కాగితం మీద పెట్టేవాళ్లు కావాలి. ఆ పని చేయాలంటే ఇచ్ఛాపురం, సోంపేట, భావనపాడు పల్లెల్లో కూర్చోవాలి, తెలుగులో ఉన్న పాత రికార్డులు చదవాలి. అందుకే నేను హైదరాబాద్ వైపు మొగ్గుతున్నాను. తెలుగు చదవడం అంతంతమాత్రం అన్నావు చూడు, ఆ కొరత తీరేదీ అక్కడే. తెలుగు డిపార్ట్‌మెంటు అదే ఆవరణలో ఉంది, లైబ్రరీలో తెలుగు పుస్తకాలున్నాయి, హాస్టలు గదిలో పక్క మంచం అమ్మాయిది పలాసో పాలకొండో అయినా ఆశ్చర్యం లేదు. బజారులోకి వెళ్తే పోర్ట్‌బ్లెయిర్ హిందీతో గచ్చిబౌలి ఆటోవాడితో బేరమాడుకోవచ్చు. పాండిచ్చేరిలో తమిళం కొత్తగా పట్టుకోవాలి. పట్టుకుంటే అదీ ఆస్తే, కాదనను.

ఇంకో మాట మీ నాన్నగారికి చదివి వినిపించు. బాబూ, అమ్మాయి దగ్గర పాండిచ్చేరి డిగ్రీ ఇప్పటికే ఉంది. జె.ఎన్.ఆర్.ఎం. సర్టిఫికెట్ మీద పడింది ఆ పేరే. రెండో సర్టిఫికెట్ మీద వేరే పేరుంటే, అమ్మాయిని ఎరిగిన మాస్టార్లు ఇంకో ఊళ్లోనూ ఉంటారు. రేపు పీహెచ్‌డీకో ఉద్యోగానికో ఇద్దరి సిఫారసు ఉత్తరాలు కావాలంటే అది అక్కరకొస్తుంది. దూరం సంగతి మీరన్నది నిజమే. చెన్నైలో దిగితే ఈసీఆర్ మీద బస్సెక్కి, పాండిచ్చేరి ఊరు రాకముందే కాలాపేట్‌లో యూనివర్సిటీ దగ్గర దిగొచ్చు. హైదరాబాద్ అయితే చెన్నై నుంచి ఇంకో రాత్రి రైలు. ఆ ఒక్క రాత్రి కోసం రెండేళ్ల చదువు మార్చుకోకండి.

హైదరాబాద్ యూనివర్సిటీ పుట్టుక కూడా తెలుసుకో, అమ్మా. 1969లో తెలంగాణ, 1972లో జై ఆంధ్ర ఉద్యమాలు జరిగాక 1973లో ఆరు సూత్రాల ఒప్పందం కుదిరింది. అందులో ఒక సూత్రం హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ పెట్టాలని. అలా 1974లో వచ్చింది. స్థానికులు, స్థానికేతరులు అన్న కొట్లాటలోంచి పుట్టిన యూనివర్సిటీ అది, అయినా అక్కడ స్థానిక కోటా లేదు. పోర్ట్‌బ్లెయిర్ పిల్లా పాలమూరు పిల్లా ఒకే వరసలో నిలబడతారు.

అయితే ఒక మాట. ఆ రెండు కాగితాలూ నిండాక పాండిచ్చేరి కాగితం మీదే తీరప్రాంతాల మీద, వలసల మీద పని చేస్తున్న మాస్టారు కనిపించి, హైదరాబాద్ కాగితం మీద అలాంటివాళ్లు లేకపోతే, నా మాట పక్కన పెట్టి కాలాపేట్ వెళ్లు.

* * *

అమ్మా, మా గుంటడు జె.ఎన్.ఆర్.ఎం.లో బీఎస్సీ జువాలజీ ఆఖరు ఏడు. ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ చదువుతానంటున్నాడు. ఇక్కడే బ్రూక్‌షాబాద్‌లో పాండిచ్చేరి యూనివర్సిటీ వాళ్ల క్యాంపస్‌లో ఆ కోర్సు ఉంది. మాది సోంపేట దగ్గర పల్లె. ఆంధ్రా యూనివర్సిటీలో అయితే మనూరికి దగ్గర, మనోడనే సీటు వచ్చేస్తాదని మా బావమరిది అంటున్నాడు. వైజాగే పెద్దది కదా?
– ఒక తండ్రి, డైరీఫామ్

మీ బావమరిది మంచి మనసుతో చెప్పి ఉంటారు గానీ, మనోడు అన్న మాట అడ్మిషన్ల దగ్గర చెల్లదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి వచ్చిన పద్ధతి ప్రకారం రాష్ట్ర యూనివర్సిటీల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికుడు అంటే తాత ఊరు అక్కడ ఉండటం కాదు. ఆ ప్రాంతంలో వరసగా నాలుగేళ్లు చదివి ఉండాలి, లేదా నివాసం ఉండాలి. మిగతా 15 శాతానికీ షరతులున్నాయి. పోర్ట్‌బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన మీ అబ్బాయి ఇంట్లో ఎంత శ్రీకాకుళం తెలుగు మాట్లాడినా, ఆ లెక్కలో పరాయి ప్రాంతం వాడే. ఈ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉంది. అక్కడ అప్లై చేయాలనుకుంటే ముందుగా ఆంధ్రప్రదేశ్ పీజీసెట్ నోటిఫికేషన్‌లో ఇతర రాష్ట్రాల వాళ్లకు ఏ సీట్లు, ఎంత ఫీజు అన్న పేజీ చదివించండి. ఫీజు కట్టేశాక చదివితే లాభం లేదు.

ఇక ఏది పెద్దది అన్నారు. ఆంధ్రా యూనివర్సిటీ 1926 నాటిది, పాండిచ్చేరి కంటే దాదాపు 60 ఏళ్లు పెద్ద. సముద్రం చదువులో దానికి మంచి పేరుంది. 1950ల్లోనే అమెరికా నుంచి లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త వచ్చి అక్కడి పిల్లలకు బంగాళాఖాతాన్ని కొలవడం నేర్పారు. విశాఖలో ఫిషింగ్ హార్బరు ఉంది, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కేంద్రం ఉంది.

అయినా ఎమ్మెస్సీకి నేను బ్రూక్‌షాబాదే అంటాను. మిగతా ఊళ్ల పిల్లలు పగడపు దిబ్బ చూడాలంటే డిపార్ట్‌మెంటు టూరు పెట్టాలి, డబ్బు రావాలి, పడవ దొరకాలి. మీ వాడు వండూరు బస్సెక్కితే చాలు. అక్కడి మెరైన్ నేషనల్ పార్కు 1983 నుంచి ఉంది. సిప్పీఘాట్ మీదుగా వెళ్తుంటే రోడ్డు పక్కన నీళ్లు కనిపిస్తాయి చూడండి, అది 2004 డిసెంబరు 26 వరకు పొలం. ఆ రోజు వచ్చిన భూకంపానికి దక్షిణ అండమాన్ నేల మీటరు దాకా కుంగింది, సముద్రం లోపలికి వచ్చింది. ఉత్తరాన నేల లేచి పగడాలు ఎండకు చచ్చిపోయాయి. చవిటి నీళ్లలో మడ మొక్క మళ్లీ ఎలా పుడుతుందో చూడటానికి దేశదేశాల వాళ్లు ఇక్కడికి వస్తారు. హడ్డోలో జువలాజికల్ సర్వే, గారచర్మాలో వ్యవసాయ పరిశోధన సంస్థ ఉన్నాయి. సెలవుల్లో ప్రాజెక్టు అడగడానికి ఆటో చార్జీ తప్ప ఖర్చు లేదు.

ఇంకొకటి, అది మీరే. ఇంట్లో మీరు వంజరం అంటారు, బజారులో అదే చేప సూర్మై, క్లాసులో స్కాంబెరోమోరస్. ఈ మూడు పేర్లూ ఒకే చేపవని వాడికి పుట్టుకతో తెలుసు. ఏ నెలలో ఎక్కడ వల వేస్తే ఏ చేప పడుతుంది, ముప్పై ఏళ్ల కింద పడి ఇప్పుడు పడనివి ఏవి – మీరు చెప్పండి, వాడు తేదీలు వేసి రాసుకోనీండి. ఆ నోటుబుక్కు పట్టుకుని పీహెచ్‌డీకి విశాఖ వెళ్తే వాణ్ని పిలిచి కూర్చోబెడతారు. వైజాగు అప్పుడు.

* * *

మేడం, ఒక యూనివర్సిటీలో ఫీజు కట్టి చేరాను. రెండో జాబితాలో నాకు కావలసిన యూనివర్సిటీలో సీటు వచ్చింది. మొదటివాళ్లు డబ్బు తిరిగి ఇస్తారా? ఒరిజినల్స్ ఆపేస్తారా?
– హట్‌బే

ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే హక్కు ఏ యూనివర్సిటీకీ లేదు. చూసి, సరిపోల్చుకుని తిరిగి ఇవ్వాల్సిందే. 2018లో యూజీసీ ఈ సంగతి రాతపూర్వకంగా చెప్పింది, ఫీజు లెక్క కూడా అందులోనే ఉంది. అడ్మిషన్ల ఆఖరి తేదీకి 15 రోజులు లేదా అంతకుముందే మానుకుంటే మొత్తం ఫీజు తిరిగి రావాలి, ప్రాసెసింగ్ చార్జి కింద కొంత కోసుకోవచ్చు. 15 రోజుల లోపైతే 90 శాతం, ఆఖరి తేదీ దాటిన 15 రోజుల వరకు 80 శాతం, ఆ పైన నెల వరకు 50 శాతం, నెల దాటితే ఏమీ రాదు. ఒక్కో ఏడాది యూజీసీ ఇంకా సులువైన నిబంధన ఇస్తుంటుంది, ఈ ఏడాది నోటీసు చూసుకో. మానుకుంటున్నట్టు ఫోన్లో చెబితే లెక్కలోకి రాదు. మెయిల్ పెట్టు, తేదీ ఉంటుంది.

కొత్త చోట సీటు ఖాయమయ్యాకే పాతది వదులు. రెండో యూనివర్సిటీ వాళ్లు నిన్ను స్వయంగా రమ్మన్న తేదీకి ఓడ అందకపోతే ఇవాళే వాళ్లకు రాయి, అండమాన్ నుంచి వస్తున్నానని, టికెట్ కాపీ జతచేసి. వాతావరణం బాగాలేక హట్‌బే ఓడ ఆగితే ఆ రద్దు నోటీసు కూడా ఫోటో తీసి పంపు. ఒరిజినల్స్ మాత్రం పెట్టెలో వేసి లగేజీ గదిలో పెట్టకు. ప్లాస్టిక్ కవరులో చుట్టి, బంక్ క్లాసులో నీ తల కింద పెట్టుకుని పడుకో.