పరిగె పసుపు

మాది ఆర్మూరు దగ్గర ఒక పల్లె. మాకు గుంట భూమి లేదు. నాన్న ఒక రైతు దగ్గర జీతం ఉండేవాడు. అమ్మ కూలికి పోయేది. కూలి దొరకని నాడు బీడీలు చుట్టేది.

పసుపు మీకు తెలుసు. గడపకు రాస్తాం, కూరలో వేస్తాం. కాని అది చేతికి రావడానికి తొమ్మిది నెలలు పడుతుంది. జూన్‌లో వానలు పడగానే నాటుతారు. జనవరి నుంచి మార్చి దాకా తవ్వుతారు. వేళ్లలాగా ఉండే కొమ్ములను కాడి అంటారు. నడుమ ఉండే గుండ్రటి తల్లి దుంపను గోల అంటారు. వాటిని విరిచి, ఉడకబెట్టి, రెండు వారాలకు పైగా ఎండబెడతారు. ఐదు కిలోల పచ్చి పసుపు ఎండితే సుమారు ఒక కిలో అవుతుంది.

బడిలో పరీక్షలకు చదివించే నెలలూ అవే. నా చదువు రెండో తరగతిలోనే ఆగింది.

రైతు తవ్వుకుని పోయాక మట్టిలో ముక్కలు మిగులుతాయి. వాటిని ఏరుకోవడమే పరిగె. అమ్మ కూలి నుంచి వచ్చాక నేనూ అమ్మా చీకటి పడేదాకా ఏరేవాళ్లం. ఇంటి కుండలోనే ఉడకబెట్టేవాళ్లం. ఒక ఏడు అట్లా ఒక చిన్న సంచి అయింది.

సంచి దుకాణానికి తీసుకుపోయాం. సేటు తూచాడు. చీటీ రాసి, 120 రూపాయలు చేతిలో పెట్టాడు.

"ఎంత తూగింది సేటూ?" అని అమ్మ అడిగింది.

"చీటీల రాసిన గదా, సూస్కో" అన్నాడు.

గొలుసు రాత నాకూ అందలేదు. అమ్మ చీటీ మడిచి డబ్బాలో దాచింది.

కొన్నేళ్లకు మా వాడకు రాత్రి బడి వచ్చింది. అంకెలు వచ్చిన నాడు అమ్మ ఆ చీటీ తీసింది. వేలు పెట్టి చదివింది. 9 కిలోలు. కిలో 20. మొత్తం 180. దాని కింద, పాత బాకీ 60.

"గా బాకీ దసరకే తీర్సిన గదనే బిడ్డా!" అంది.

అడుగుదామని పోతే దుకాణం చేతులు మారింది.

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 170 మందికి పైగా రైతులు పోటీకి నిలబడ్డారు. పసుపుకు ధర కావాలి, పసుపు బోర్డు కావాలి అన్నారు. 2025 జనవరి 14న నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. మంచిదే. కాని కూలిదాని సంచి, పరిగె పిల్ల సంచి ఇంకా చిన్న దుకాణంలోనే తూగుతాయి.

మార్కెట్లో ఇచ్చే చీటీని తక్‌పట్టీ అంటారు. అందులో తూకం, ధర చూడండి. తరువాత కోతలు చూడండి. ఏ కోత ఎందుకో అక్కడే, డబ్బు లెక్కపెట్టకముందే అడగండి.

ఇప్పుడు ఈ లెక్క పలక మీద వేయండి. 9 కిలోలు, కిలో 20 రూపాయలు. బాకీ లేకపోతే అమ్మకు ఎంత రావాలి? ఎంత వచ్చింది?