బి.టి. ప్రత్తి గింజలో ఏమున్నది?

"ప్యాకెట్టు విత్తనము కొనుట ఎందులకు? నిరుడు బాగుగా కాచిన బి.టి. ప్రత్తి గింజలనే దాచి ఈ యేడు విత్తుకొనరాదా?" అని రైతులు తరచుగా అడుగుచుందురు. ప్రశ్న న్యాయమైనదే. కంది, వేరుశనగ, జొన్నలలో మంచి గింజ ఏరి దాచుకొనుట మన తాతలనాటి అలవాటు. దీనికి "వద్దు" అని ఒక్క ముక్కలో చెప్పిన చాలదు. ఎందులకు వద్దో తెలియవలెనన్న, ముందుగా ఆ గింజలో ఏమున్నదో తెలిసికొనవలెను.

మొక్కయైనను, పురుగైనను, మనిషియైనను కణములతో నిర్మింపబడినదే. కణములోపల డి.ఎన్.ఏ. అను సన్నని పోగు కలదు. పూర్వము కరణముల అడంగలులో సర్వే నంబరుకొక పద్దు ఉండెడి రీతిగా, ఈ పోగులో వరుసగా పద్దులున్నవి. ఒక్కొక్క పద్దు ఒక జన్యువు. ఏ మాంసకృత్తును ఎట్లు తయారు చేయవలయునో ఆ పద్దు కణమునకు తెలుపును. విశేషమేమనగా, సర్వజీవులలోను ఈ వ్రాత ఒకే లిపిలో ఉన్నది. అందుచేతనే ఒక సూక్ష్మజీవి పద్దును ప్రత్తి పుస్తకములోనికి ఎత్తి వ్రాసినను ప్రత్తికణము దానిని చదువగలుగుచున్నది. పుప్పొడితో చేయు సంకరములో ప్రత్తికి ప్రత్తిజాతితోనే పొత్తు కుదురును. జన్యుమార్పిడికి ఆ హద్దు లేదు.

బి.టి. అనగా బాసిల్లస్ తురింజియెన్సిస్ అను మట్టిలోని బాక్టీరియా. 1901లో జపానులో ఇషివాటా అను శాస్త్రజ్ఞుడు చచ్చిన పట్టుపురుగులలో దీనిని కనుగొనెను. 1911లో జర్మనీలో బెర్లినర్ పిండిపురుగులో దీనినే చూచి, అచ్చటి తురింజియా ప్రాంతము పేర నామకరణము చేసెను. ఇది స్ఫటికరూపమైన ఒక మాంసకృత్తును తయారు చేయును. లద్దెపురుగు కడుపులో క్షారగుణము ఎక్కువ. అందు ఆ స్ఫటికము కరగి, పేగు గోడను అంటుకొని రంధ్రములు చేయును. పురుగు మేత మాని కొద్దిదినములలో చచ్చును. మన కడుపులోనిది ఆమ్లము. పైగా ఆ మాంసకృత్తు అంటుకొనదగిన పట్టు మన పేగులలో లేదు.

ఈ జన్యువును మొక్కలోనికి చేర్చుటకు శాస్త్రజ్ఞులు మరియొక బాక్టీరియాను బండిగా వాడిరి. అగ్రోబాక్టీరియం అనునది చెట్ల మొదళ్లలో కంతులు పుట్టించు తెగులుకారి. తన జన్యువులలో కొన్నింటిని చెట్టు కణములోనికి చొప్పించుట దాని స్వభావమే. దానిలోని కంతిని పుట్టించు జన్యువులను తీసి, వాని స్థానమున క్రై1ఏసి అను బి.టి. జన్యువును ఉంచి, కోకర్ 312 అను అమెరికా ప్రత్తిరకపు కణములకు అంటించిరి. జన్యువు చేరిన కణములను మాత్రము ఏరి, సీసాలలో పెంచి మొక్కలు చేసిరి. పనియంతయు ప్రయోగశాలలోనే ముగిసినదని పలువురు తలంతురు గాని, ఆ తరువాత దానిని మన దేశపు రకములలోనికి తెచ్చినది పాతకాలపు సంకర పద్ధతియే. పెక్కు తరములు పుప్పొడి అద్దుచు పోయిరి.

1997-98లో వరంగల్లు ప్రాంతమున పురుగు తాకిడికి ప్రత్తి నష్టమై రైతులు ప్రాణములు తీసికొనిన సంగతి ఎవరు మరువగలరు? 2002 మార్చిలో మూడు బి.టి. సంకరములకు కేంద్రము అనుమతి నిచ్చినప్పుడు రైతులు ఆశపడుటలో వింత లేదు. 2006లో క్రై2ఏబి అను రెండవ జన్యువు కూడ కలిగిన ప్రత్తి వచ్చినది. ఇవి కాయతొలుచు పురుగుల కొరకే. పచ్చదోమ, తెల్లదోమ, తామరపురుగు, పేనుబంకలు రసము పీల్చునవి. వానిపై వీని ప్రభావము లేదు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. సంకర విత్తనమునకు తల్లి, తండ్రి వేర్వేరు రకములు. సాధారణముగా వానిలో ఒక్కదానికే బి.టి. జన్యువులు ఉండును. కావున సంకర మొక్కలో ఒక్కొక్క జన్యువు ఒంటి ప్రతిగానే ఉండును. దాని కాయలోని గింజలలో ఇవి చెదరిపోవును. 16 గింజలు తీసినచో సుమారు 9లో రెండు జన్యువులు, 3లో మొదటిది మాత్రము, 3లో రెండవది మాత్రము ఉండి, 1 గింజలో ఏదియు ఉండదు. సంకరబలము కూడ తగ్గి, మొక్కలు పొట్టిపొడవులుగా, కాపు ముందువెనుకలుగా వచ్చును. దాచిన గింజ వలదనుటకు కారణమిది.

ఈ లెక్కలో ఇంకొక చిక్కు గలదు. గులాబిరంగు పురుగు కాయలో దూరి గింజనే తినును. నిలిచియున్న చేలోని కాయలో కూడ గింజలు పై రీతిగానే కలగలుపుగా ఉన్నవి. కొంత విషము తిని బ్రతికిన పురుగు క్రమముగా తట్టుకొను సంతతిని పెంచునని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. 2010లో గుజరాతులో ఈ పురుగు మొదటి జన్యువును తట్టుకొనుచున్నట్లు ప్రకటింపబడినది. పిమ్మట రెండవదానిని కూడ గెలిచినది. 2017లో మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేలలో దాని నష్టము ప్రత్యక్షముగా చూచితిమి.

చేను చుట్టును 5 వరుసలు గాని, విస్తీర్ణములో 20 శాతము గాని, ఏది ఎక్కువైన అంత మేర సాధారణ ప్రత్తి వేయవలెనను నియమము దీనికొరకే ఏర్పడినది. అందు పెరిగిన సాధారణ పురుగులు, తట్టుకొను పురుగులతో జతకట్టినచో పుట్టిన పిల్లలలో చాలవరకు విషమునకు లొంగును. ప్యాకెట్టుతో ఇచ్చిన 120 గ్రాముల చిన్న పొట్లమును గట్టున పారవేసినవారు పెక్కుమంది. అది తాలు గింజ కాదు, పంటకు కాపలా. తరువాత ఆ గింజను ప్యాకెట్టులోనే కలిపి ఇచ్చు పద్ధతి తెచ్చిరి.

ఇప్పుడు గులాబిరంగు పురుగును ఆపు భారము చాలవరకు రైతు చేతిలోనే ఉన్నది. పైరు 45 దినములదైనప్పటి నుండి లింగాకర్షక బుట్టలు పెట్టి చూడవలెను. బుట్టకు వరుసగా మూడు రాత్రులు 8 రెక్కలపురుగుల చొప్పున పడినచో మందు చల్లుట అవసరము. విచ్చుకొనక ముడుచుకొనిన గుడ్డిపూలను గిల్లి నాశనము చేయవలెను. రెండవ కాపునకు ఆశపడి మోళ్లను వేసవి దాక నిలుపుట పురుగునకు అన్నము పెట్టుటయే. ప్రత్తి తీత ముగియగానే గొఱ్ఱెలను మేపి, మోళ్లు పెరికించవలెను.

గ్రామోద్యోగులకు ఒక మాట. విత్తనముపై అనుమానము కలిగినచో లేత ఆకును నలిపి పరీక్షాపట్టీతో చూడవచ్చును. గీత పడినచో బి.టి. మాంసకృత్తు ఉన్నట్లు. అంతమాత్రమున మొలకశాతము గాని, దిగుబడి గాని తెలియదు. "కలుపుమందు చల్లినను చావని ప్రత్తి" అని విడిగా అమ్మునది కేంద్రపు అనుమతి పొందిన విత్తనము కాదు. అట్టిదానికి బిల్లు ఇచ్చువాడుండడు. లాటు నంబరు వ్రాసిన బిల్లును, ఖాళీ ప్యాకెట్టును, కొన్ని గింజలను పంట ముగియువరకు రైతులు దాచునట్లు చూడవలెను. ఫిర్యాదు చేయవలసి వచ్చినప్పుడు విచారణాధికారి మొదట అడుగునవి ఇవే.