చర్చి పక్క పొలంలో డిటెక్టర్: అడిగి మొదలుపెట్టండి, రాసి ముగించండి

ఇంగ్లండ్‌లో వారమంతా ఆఫీసులోనో, ఆస్పత్రిలోనో, గోదాములోనో పనిచేసి, శనాదివారాలు మెటల్ డిటెక్టర్ పట్టుకుని పొలాల్లో తిరిగేవాళ్లు వేలల్లో ఉన్నారు. అక్కడ ఉద్యోగానికో చదువుకో వెళ్లిన మనవాళ్లకూ ఈ ఆసక్తి కలిగితే మంచిదే. ఒంటికి నడక, బుర్రకు చరిత్ర. అయితే కొత్తగా డిటెక్టర్ కొన్నవాళ్ల చూపు ముందుగా ఊళ్లోని పాత చర్చి మీద పడుతుంది. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్లుగా జనం వచ్చిపోయిన చోటు కదా, నాణేలు రాలి ఉండవా అనుకుంటారు. ఆ ఊహ తప్పు కాదు. కానీ నియమాలు తెలియకుండా ఆ గేటు దాటితే సరదా కాస్తా కేసవుతుంది. తెలుసుకుని నడుచుకుంటే మాత్రం అదే సరదా పురావస్తు రంగంలో ఒక పనికి దారి చూపగలదు.

ఆవరణ లోపల వద్దు

చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ కింద సుమారు 16 వేల చర్చి భవనాలున్నాయి. పాత చర్చిల చుట్టూ ఉన్న ఆవరణ చాలాచోట్ల ప్రార్థనతో ప్రతిష్ఠించిన శ్మశానభూమి. సమాధిరాయి కనిపించని పచ్చిక కింద కూడా తరతరాల మనుషులు నిద్రపోతుంటారు. అక్కడ తవ్వాలంటే డయోసీస్ (చర్చి పరిపాలనా ప్రాంతం) న్యాయాధికారి ఇచ్చే ‘ఫ్యాకల్టీ’ అనే అనుమతి కావాలి. ఆ ఊరి వికార్ (చర్చి మతాధికారి) గారు మంచి మనసుతో సరేనన్నా సరిపోదు, ఎందుకంటే ఆ అధికారం ఆయన ఒక్కరి చేతిలో లేదు. నిపుణులు నడిపే పురావస్తు పరిశోధనలో భాగమైతే తప్ప, సరదా కోసం అనుమతి వస్తుందని ఆశ పెట్టుకోకండి.

కొత్తవాళ్లు పొరబడే చోట్లు మరో మూడున్నాయి. కొత్త సమాధులు ఆపేసిన ఆవరణను కొన్నిచోట్ల స్థానిక కౌన్సిల్ చూసుకుంటుంది. గడ్డి కోసేది కౌన్సిలే అయినా ఫ్యాకల్టీ నియమం అలాగే ఉంటుంది. ఆరాధన ఆగిపోయిన పాత చర్చిలు మూడు వందల యాభైకి పైగా చర్చెస్ కన్జర్వేషన్ ట్రస్ట్ సంరక్షణలో ఉన్నాయి. తాళం వేసి నిర్మానుష్యంగా కనిపించినంత మాత్రాన అవి దిక్కులేనివి కావు. ఇక శిథిల చర్చి గానీ మఠం గానీ రక్షిత కట్టడాల జాబితాలో ఉంటే, 1979 నాటి ప్రాచీన కట్టడాల చట్టం వర్తిస్తుంది. ప్రభుత్వ వారసత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ అనుమతి లేకుండా అక్కడ డిటెక్టర్ వాడడమే నేరం. ఏమీ దొరక్కపోయినా నేరమే.

వద్దనడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. లండన్ యూస్టన్ స్టేషన్ పక్కన సెయింట్ జేమ్స్ చర్చికి చెందిన పాత శ్మశానం ఉండేది. హైస్పీడ్ రైలు మార్గం కోసం అక్కడ పురావస్తు తవ్వకాలు జరిగాయి. ఆస్ట్రేలియా చుట్టూ ఓడలో తిరిగి పటం గీసిన మాథ్యూ ఫ్లిండర్స్ సమాధి ఎక్కడుందో అప్పటికి ఎవరికీ తెలియదు. 2019 జనవరిలో ఆయన అవశేషాలను గుర్తించగలిగారంటే, శవపేటిక మీది సీసపు పలక చెక్కుచెదరకుండా అక్కడే ఉన్నందువల్ల. ఆ పలకను ఎవరైనా ముందే తవ్వి పట్టుకుపోయి ఉంటే, పలక ఒకరి అల్మారాలో ఉండేది, మనిషి పేరు లేకుండా మిగిలేవాడు. వస్తువు ఏ చోట, దేని పక్కన ఉందన్నదే దాని విలువలో పెద్ద భాగం. ఈ రంగంలో నేర్చుకోవలసిన మొదటి పాఠం అదే.

ప్రహరీ దాటితే పొలం ఉంది

మధ్యయుగాల్లో చర్చి ఆవరణలోనే సంతలు, తిరునాళ్లు జరిగేవి. 1285లో వించెస్టర్ శాసనం దాన్ని నిషేధించాక అవి ప్రహరీ బయటికి మారాల్సి వచ్చింది. అందుకే పాత చర్చి చుట్టుపక్కల దుక్కి పొలాలు డిటెక్టర్‌కు మంచి చోట్లు. చేతితో సుత్తిపెట్టి కొట్టిన వెండి పెన్నీలు, బెల్టు బకిల్స్, బట్టల మూటలకు వేసిన సీసపు ముద్రలు, యాత్రికులు పవిత్ర జలం తెచ్చుకున్న చిన్న సీసపు బుడ్లు ఇలాంటి పొలాల్లో దొరుకుతుంటాయి. నాగలి ఇప్పటికే కలియబెట్టిన పైమట్టిలోంచి తీస్తే చరిత్రకు జరిగే నష్టం తక్కువ. దాని కింద కదలని నేల తగిలితే, అక్కడ ఏదైనా కుప్పగా కనిపిస్తే, చేయి ఆపి నిపుణులను పిలవాలి.

ఈ పని ఎంత గొప్పగా చేయవచ్చో సఫోక్ కౌంటీలోని రెండల్‌షామ్ చూపించింది. రాత్రిపూట దొంగతనంగా డిటెక్టర్లు తిప్పేవాళ్ల బెడద తట్టుకోలేక అక్కడి భూస్వామి కౌంటీ కౌన్సిల్‌ను ఆశ్రయించాడు. 2008 నుంచి కొద్దిమంది అనుభవజ్ఞులైన డిటెక్టరిస్టులు, పురావస్తు నిపుణులతో కలిసి సుమారు 150 హెక్టార్లను క్రమపద్ధతిలో జల్లెడ పట్టారు. దొరికిన ప్రతి వస్తువుకూ స్థానం నమోదు చేశారు. 8వ శతాబ్దపు చరిత్రకారుడు బీడ్ రాసిన రాజనివాసం అక్కడే ఉండేదని ఆ నమోదుల వల్లే తేలింది. ఒక్కొక్క నాణెం చెప్పలేని మాటను అవన్నీ కలిసిన పటం చెప్పింది.

అనుమతి అడిగే పద్ధతి

ముందుగా ఆ భూమి ఎవరిదో తేల్చుకోండి. ఒకప్పుడు వికార్ జీవనం కోసం కేటాయించిన ‘గ్లీబ్’ భూములు 1978 నుంచి డయోసీస్ ఆర్థిక బోర్డుల చేతికి వెళ్లాయి. అలాంటి పొలమైతే బోర్డునూ, కౌలుకు చేస్తున్న రైతునూ ఇద్దరినీ అడగాలి. తర్వాత ఇంగ్లండ్ జాతీయ వారసత్వ జాబితాలో ఆ స్థలం రక్షితమా కాదా చూడండి. పర్యావరణ పథకాల కింద ఉన్న పొలాలకు అదనపు షరతులుంటాయి, అది రైతును అడిగితే తెలుస్తుంది. పాత సర్వే పటాలను స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం ఆన్‌లైన్‌లో ఉచితంగా చూపిస్తుంది. వాటిని చూసుకుని వెళ్తే రైతుతో మాట్లాడడానికి మీ దగ్గర విషయం ఉంటుంది.

ఉత్తరం ఒక పేజీ చాలు. మీరెవరు, ఎక్కడ పనిచేస్తారు, ఏ పొలంలో ఏ నెలల్లో తిరగాలనుకుంటున్నారు, గుంతలు ఎలా పూడుస్తారు, దొరికినవి ఎవరికి చూపిస్తారు, ఇతరులకు నష్టం జరిగితే చెల్లించే బీమా ఉందా అన్నవి రాయండి. పంట వేశాక అడుగుపెట్టనని, గేటు వేసి వెళ్తానని కూడా రాయండి. రైతుకు కావలసిన భరోసా అదే. నేషనల్ కౌన్సిల్ ఫర్ మెటల్ డిటెక్టింగ్‌లో సభ్యత్వం తీసుకుంటే బీమా దాంతోపాటే వస్తుంది. రైతు ఒప్పుకున్నాక, దొరికిన దాంట్లో ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం చేయండి. వద్దంటే నమస్కారం చెప్పి మరో పొలం చూసుకోండి.

దొరికాక

దొరికిన వస్తువులన్నిటికీ ఒకే నియమం ఉండదు. 1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం 300 ఏళ్లు దాటి, పదింట ఒక వంతైనా బంగారమో వెండో ఉన్న వస్తువులు ‘నిధి’ కిందికి వస్తాయి. ఒకేచోట దొరికిన పాత నాణేల కుప్పలకూ నియమాలున్నాయి. 2023 జులై నుంచి, 200 ఏళ్లు దాటిన అసాధారణ ప్రాముఖ్యమున్న లోహ వస్తువులనూ ఇందులో చేర్చారు. నిధి అనిపించిన దాని గురించి 14 రోజుల్లోగా స్థానిక విచారణాధికారి అయిన కరోనర్‌కు తెలియజేయాలి. దొరికిన పురావస్తువులను నమోదు చేసే మీ ప్రాంతపు ఫైండ్స్ లైజన్ ఆఫీసర్ ఆ పని దగ్గరుండి చేయిస్తారు. మ్యూజియం కొనుక్కుంటే ఇచ్చే ప్రతిఫలాన్ని సాధారణంగా దొరికించుకున్నవారు, భూయజమాని సమంగా పంచుకుంటారు. 2009లో దొరికిన స్టాఫర్డ్‌షైర్ నిధికి కట్టిన విలువ 32 లక్షల 85 వేల పౌండ్లు. దానికి భిన్నంగా, హెరిఫర్డ్‌షైర్‌లో దొరికిన వైకింగ్ కాలపు నిధిని దాచి అమ్ముకున్న ఇద్దరిలో 2019లో కోర్టు ఒకరికి పదేళ్లు, మరొకరికి ఎనిమిదిన్నరేళ్లు శిక్ష వేసింది. అప్పీలులో తగ్గినా అవి ఏళ్ల తరబడి జైలే.

నిధి కాని చిన్న వస్తువులను కూడా చూపించండి. బ్రిటిష్ మ్యూజియం నడిపే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్‌లో ఇప్పటికే 15 లక్షలకు పైగా వస్తువులు నమోదయ్యాయి. ప్రతి వస్తువునూ విడి సంచిలో వేసి, సంఖ్య రాసి, స్థానాన్ని కనీసం ఎనిమిది అంకెల గ్రిడ్ రిఫరెన్స్‌తో నమోదు చేయండి. అంటే పది మీటర్ల చదరంలోపు. పది అంకెలైతే ఒక మీటరుకు వస్తుంది. మట్టిని ఇంట్లో రుద్ది కడగకండి, లోహం పైపొర పోతుంది. మనిషి ఎముక కనిపిస్తే తవ్వకం ఆపి పోలీసులకు చెప్పండి. బాంబులా అనిపిస్తే చేయి వేయకుండా దూరం జరిగి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయండి.

ఇందులో ఉద్యోగం

బ్రిటన్‌లో పురావస్తు ఉద్యోగాల్లో ఎక్కువ భాగం నిర్మాణ రంగం చుట్టూ ఉన్నాయి. 1990లో ప్రణాళికా మార్గదర్శకాలు వచ్చాక, భవనమో రోడ్డో కట్టే సంస్థే ముందస్తు తవ్వకాల ఖర్చు భరించడం ఆనవాయితీ అయింది. ఆ తవ్వకాలు పాత చర్చిల దగ్గరా జరుగుతాయి. స్టోక్ మాండవిల్ గ్రామంలో 11వ శతాబ్దపు సెయింట్ మేరీస్ చర్చి స్థలాన్ని రైలు మార్గం కోసం తవ్వితే, 2021లో రోమన్ కాలపు రాతి శిల్పాలు బయటపడ్డాయి. చర్చి నేలలో గౌరవంగా పనిచేసే అవకాశం కావాలంటే దారి ఇదే.

ఈ సంస్థలు సైట్ అసిస్టెంట్లను, వస్తువులను శుభ్రం చేసి జాబితా రాసేవారిని, భూభౌతిక సర్వే చేసేవారిని, కంప్యూటర్ పటాలు తయారుచేసేవారిని తీసుకుంటాయి. మొదట్లో జీతం తక్కువ, ఎండావానల్లో పని. డేటాబేసులు, జీఐఎస్ తెలిసిన మన ఇంజినీర్లకు మాత్రం ఇక్కడ ఉపయోగపడే నైపుణ్యం ఇప్పటికే ఉంది. స్థానిక పురావస్తు సంఘంలో స్వచ్ఛందంగా చేరండి. మీరు నమోదు చేయించిన వస్తువుల చిట్టాను దరఖాస్తుకు జతచేయండి. ఓపికగా రాసిన రెండేళ్ల నమోదు పుస్తకం మీ పనితీరుకు మంచి సాక్ష్యం. నిర్మాణ స్థలాల్లో పనికి సాధారణంగా భద్రతా అర్హత చూపే సీఎస్‌సీఎస్ కార్డు అడుగుతారు, ముందే తీసుకోండి.

వీసా మాట మరవకండి. విద్యార్థి వీసాలో స్వయం ఉపాధి కుదరదు. ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు జీతమిచ్చే రెండో పని ఒప్పుకునే ముందు షరతులు చదవాలి. ఇక పైన చెప్పిన నియమాలు ఇంగ్లండ్‌కు సంబంధించినవి; స్కాట్లండ్‌లో నిధి చట్టం వేరు. ఉత్తర ఐర్లండ్‌లో పురావస్తువుల కోసం తవ్వాలంటే లైసెన్సు ఉండాలి. ఐర్లండ్ రిపబ్లిక్‌లో ముందస్తు అనుమతి లేకుండా పురావస్తువుల కోసం డిటెక్టర్ వాడడమే నేరం. ఇండియాలో 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టర్‌కు చెప్పాలి. గుప్తనిధుల పేరుతో పాత గుళ్లను తవ్వి పాడుచేసిన సంగతులు మనకు కొత్త కాదు. చర్చి అయినా గుడి అయినా దర్గా అయినా అది కొందరి పెద్దలు నమ్మి మొక్కిన నేల.

కాబట్టి డిటెక్టర్ కొనే ముందు మీ ప్రాంతపు ఫైండ్స్ లైజన్ ఆఫీసర్‌కు ఒక ఈమెయిల్ రాయండి. మీ దగ్గర్లో ఏ పొలాలు తిరగదగ్గవో, ఏ సంఘం కొత్తవాళ్లను చేర్చుకుంటుందో, నమోదు ఎలా చేయాలో అడగండి. యంత్రం ఖరీదు కన్నా ముందుగా మీకు కావలసినవి ఆ మూడు జవాబులు.