పద్దు చదివే గొంతు

చిరంజీవి చిట్టితల్లికి,

నాయకత్వం నేర్చుకోవాలంటే ముందు సభలో తడబడకుండా మాట్లాడటం నేర్చుకోవాలా అని అడిగావు. మాట అవసరమే తల్లీ, కాదనను. కానీ మన అనంతపురం సీమలో గత ముప్పై అయిదేళ్ళుగా ఆడవాళ్ళు గెలుచుకున్నదాన్ని గమనిస్తే నాకు తోచేది వేరు. డబ్బు లెక్క, కూలి లెక్క, భూమి లెక్క ఆడవాళ్ళ చేతికి వచ్చిన చోట వాళ్ళ గొంతు నిలబడింది. పద్దు అందని చోట వేదిక ఎక్కించి దండ వేసినా, కిందికి దిగాక వాళ్ళ మాట చెల్లలేదు.

మన నేల సంగతి నీకు తెలియనిది కాదు. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని అడ్డుకుంటాయి, ఈశాన్య రుతుపవనం ఇక్కడికి చేరేసరికి అలిసిపోతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ చాలాసార్లు అదను తప్పి. ఆ వానను నమ్మే దశాబ్దాలుగా చెనక్కాయ వేశారు. విత్తనానికి కాయలు ఒలిచేది, కలుపు తీసేది, పీకిన చెట్ల నుంచి కాయ కోసేది ఎక్కువగా ఆడవాళ్ళే. అయినా పట్టాదారు పాసుపుస్తకంలో పేరు లేకపోతే కాగితం మీద ఆమె రైతు కాదు. బ్యాంకు అప్పయినా, పంటల బీమా అయినా, నష్టపరిహారమైనా పుస్తకంలో ఉన్న పేరునే వెతుక్కుంటూ పోతుంది. పంట పోయి భర్త బెంగళూరుకో కేరళకో వలస పోయినా, అప్పు తీరక ప్రాణం తీసుకున్నా, సేద్యమూ అప్పూ రెండూ ఆమె నెత్తిన పడతాయి. హక్కు మాత్రం ఆమె వెంట రాదు. కరువంటే వాన లేకపోవడం మాత్రమే అనుకునేవాళ్ళకు ఈ రెండో కరువు కనబడదు.

ముందు డబ్బు లెక్క. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ 1992 నుంచి ఆడవాళ్ళ చేత పొదుపు సంఘాలు కట్టించింది. తర్వాత 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద అవి సహకార సంఘాలయ్యాయి, మహాశక్తి పేరున సమాఖ్యగా కూడాయి. ఆ చట్టం విలువ ఏమిటంటే, సంఘంలో ప్రభుత్వం వాటా పెట్టదు, పెత్తనం చేయదు. సభ్యులు నెలనెలా వేసుకున్న పొదుపే పునాది. అప్పు ముందు ఎవరికి, వడ్డీ ఎంత, వాయిదా తప్పిన పొరుగింటామెను ఎలా అడగాలి అన్నవి నలుగురిలో కూర్చుని తేల్చుకోవాల్సి వచ్చింది. ఇంతకన్నా కఠినమైన నాయకత్వ శిక్షణ ఏ తరగతి గదిలోనూ దొరకదని నా నమ్మకం. ఇంచుమించు అదే కాలంలో, 1991లో, సహారా అంచున నైజర్ దేశపు మరాడి ప్రాంతంలో కేర్ సంస్థ తోడ్పాటుతో ‘మాతా మాసు దుబారా’ అనే ఆడవాళ్ళ సంఘాలు పుట్టాయి. అదీ మనలాగే వాన కోసం మొగులు చూసే నేల. చదువు రాని ఆ తల్లులు లెక్కంతా పైకి చెప్పుకుంటూ జ్ఞాపకంలో దాచుకున్నారు. ఆ దారిలో ఆఫ్రికా అంతటా పాకిన సంఘాల్లో డబ్బు పెట్టెకు మూడు తాళాలు వేసి, మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర ఉంచుతారు. అక్షరం రానివాళ్ళు లెక్క ఎలా చూస్తారని ఎవరైనా అడిగితే మరాడి పేరు చెప్పు.

ఇక కూలి లెక్క. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. పని పొందేవాళ్ళలో మూడో వంతైనా ఆడవాళ్ళుండాలని చట్టం అంటే, ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళ పనిదినాలు సగం దాటాయి. మగా ఆడా తేడా లేకుండా కూలి రేటు ఒకటే అయింది. అయితే నాకు అంతకన్నా గొప్పగా తోచేది సామాజిక తనిఖీ. హాజరు రాసే మస్టరును ఊరి నడుమ పైకి చదువుతారు. పనికి రానివాళ్ళ పేరు అందులో ఉంటే, తవ్విన గుంత కొలత తగ్గితే, లేచి అడిగే హక్కు ఆ గుంత తవ్విన మనిషిదే. రచ్చకట్ట దగ్గర ఆడవాళ్ళు కూర్చోవడమే తప్పన్న ఊళ్ళలో ఆడమనిషి లేచి “ఆ లెక్క మళ్ళీ చదవండి” అనడం చిన్న మార్పు కాదు.

నా ఈ మాటకు ఎదురువాదాలు ఉన్నాయి, వాటిని తోసిపుచ్చకు. సర్పంచి కుర్చీలో ఆడమనిషి ఉన్నా పెత్తనం భర్తదే కదా అంటారు. చాలా చోట్ల నిజమే. 1993లో 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో ఆడవాళ్ళకు మూడో వంతు స్థానాలిచ్చింది, మన రాష్ట్రం 2011లో దాన్ని సగానికి పెంచింది. అయినా చెక్ పవర్ ఆమె పేరున, చెక్కు పుస్తకం ఆయన జేబులో ఉన్న పంచాయతీలు కొల్లలు. కానీ పరిశోధకులు ఎస్తేర్ డఫ్లో, రాఘవేంద్ర చటోపాధ్యాయ పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలను పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, అధ్యక్ష పదవి ఆడవాళ్ళకు కేటాయించిన చోట తాగునీటి పనులు పెరిగాయని తేలింది. బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లాలో 495 గ్రామాలను చూసిన మరో అధ్యయనం 2012లో వచ్చింది. వరుసగా రెండుసార్లు ఆడవాళ్ళే పంచాయతీ ప్రధానులుగా ఉన్న ఊళ్ళలో ఆడపిల్లల చదువు మగపిల్లలతో సమానమైంది, కూతురి భవిష్యత్తు మీద తల్లిదండ్రుల ఆశ కూడా పెరిగింది. కనుక కుర్చీ వృథా పోలేదు. అది రిజర్వేషన్ రొటేషన్‌లో చేజారిపోయాక కూడా నిలవాలంటే వెనుక సంఘం ఉండాలి, చెక్కు మీద సంతకం చేసే ముందు ఖర్చు చదివే అలవాటు ఉండాలి.

రెండో అభ్యంతరం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. పొదుపు సంఘాలు చివరికి అప్పులు వసూలు చేసే యంత్రాలయ్యాయి, రాజకీయ సభలకు జనాన్ని తోలే సాధనాలయ్యాయి అంటారు. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ళ ఒత్తిడికి ప్రాణాలు పోతున్నాయన్న గగ్గోలు మధ్య రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆ గాయాన్ని చూసే నేను పద్దు అంటున్నాను. ఆ కంపెనీల బృందాల్లో ఆడవాళ్ళు ఒకరికొకరు జామీను మాత్రమే. డబ్బు బయటిది, నిబంధన బయటిది, పుస్తకం బయటివాళ్ళ సంచిలో ఉండేది. బృందంగా కూర్చున్నంత మాత్రాన అధికారం రాదు.

చట్టాలున్నాయి కదా, ఇదంతా ఎందుకని కూడా అడుగుతారు. 1986లో మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గానీ రాలేదు. అయినా ఎందరు కూతుళ్ళు వాటా అడిగారు? అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందని భయం. ఆ భయం వెర్రిది కాదు, కష్టకాలంలో ఆమెకు మిగిలేది ఆ గడప ఒక్కటే. కోర్టు కాగితం ఆ భయాన్ని పోగొట్టలేదు. అన్నదమ్ములతో తెగిపోయినా నిలబెట్టే పదిమంది ఉన్నారని తెలిసినప్పుడే ఆమె నోరు పెగులుతుంది.

అందుకే నీకొక పని చెబుతున్నాను. ఈ నెల మీ అమ్మ వాళ్ళ సంఘం కూర్చున్నప్పుడు నువ్వూ పక్కన కూర్చో. తీర్మానాల పుస్తకం అడిగి తీసుకుని, గడిచిన మూడు నెలల పేజీలు అందరికీ వినబడేలా పైకి చదువు. వేలిముద్ర వేసినవాళ్ళకు తాము దేనికి వేశారో తెలుసా, కనుక్కో. ఏ తీర్మానం దగ్గర ఎవరు అడ్డుపడి అడిగారో రాసి నాకు పంపు. ఎవరూ అడగకపోతే అదీ రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ